ఏ సినిమాలోదమ్మా ఈ పాట?

హోస్ట్: నమస్కారమండీ. ఈ ఎపిసోడ్ సఖినేటిపల్లి రేవులో కూర్చుని రికార్డ్ చేస్తున్నాం. వెనకాల ఇంజను చప్పుడు వినబడితే అది నరసాపురం వెళ్ళే పంటు, అంటే మనుషుల్ని, బళ్ళని గోదావరి దాటించే పెద్ద బల్లకట్టు. నా పక్కనున్న అక్క పదకొండేళ్ళుగా కోనసీమలోను, భీమవరం చుట్టుపక్కల కూడా పెళ్ళిళ్ళలో, తీర్థాల్లో (ఊరి జాతరల్లో), నవరాత్రి పందిళ్ళలో పాడుతున్నారు. సొంతంగా పాటలు రాసి బాణీ కట్టుకుంటారు. అక్కా, రేవులోనే కూర్చుందామన్నారు, ఎందుకని?

అక్క: నా పాటలు సగం ఇక్కడే పుట్టాయి తమ్ముడూ. అవతల ప్రోగ్రాం ఉంటే వీపున గిటారు, బండి మీద చిన్న స్పీకరు పెట్టుకుని పంటు ఎక్కేస్తాను. ఆ ఒడ్డు చేరేలోపు ఏదో ఒక లైను తడుతుంది. తిరిగి రావడమే కష్టం. ప్రోగ్రాం అయ్యేసరికి పంటు ఉండదు కదా, పాలకొల్లు మీదుగా వచ్చి చించినాడ వంతెన దాటి, దిండి వైపు నుంచి ఇల్లు చేరాలి. ఎంత రాత్రయినా సరే.

హోస్ట్: పెళ్ళిలో సొంత పాట పాడితే వింటారా?

అక్క: పిలిచినవాళ్ళు సినిమా పాటలకి డబ్బిస్తున్నారు. ఆ మాట తప్పకూడదు. మూడు గంటల్లో పాతిక పాటలు పాడితే అందులో రెండే నావి. అవి ఎప్పుడు పాడతామన్నదే అసలు సంగతి. స్టేజీ మీద ఫొటోలు దిగుతుంటే ఎవరి చెవికీ ఎక్కదు. మొదటి బంతి లేచి రెండో బంతికి ఆకులు వేస్తారు చూడు, అప్పుడు భోంచేసినవాళ్ళు కిళ్ళీ నములుతూ కుర్చీల్లో జారబడతారు. అదీ నా టైం. ఒక్క గిటారుతో, నెమ్మదిగా పాడతాను. ప్యాడ్ వాయించే అబ్బాయి కూడా ఆ పది నిమిషాల్లో అన్నం తినేసి వస్తాడు.

హోస్ట్: మొదటిసారి ఎలా తీసుకున్నారు?

అక్క: పాట అవగానే ఒక పెద్దాయన స్టేజీ దగ్గరికొచ్చి, "అమ్మాయ్, ఏ సినిమాలోదమ్మా ఈ పాట?" అన్నారు. ఎంత సంబరపడ్డానో చెప్పలేను. సినిమా పాట అనుకున్నారంటే నేను బాగా రాసినట్టే కదా! అప్పట్నుంచి నాలుగేళ్ళు నాదని చెప్పకుండానే పాడాను. చెబితే లేచి వెళ్ళిపోతారేమోనని భయం. ఆ భయం వల్ల ఏమైందో ఒక తీర్థంలో తెలిసింది.

హోస్ట్: ఏ ఊళ్ళో?

అక్క: ఊరి పేరు వద్దు. వేరే ట్రూపు వాళ్ళు పాడుతున్నారు. ఒకమ్మాయి మైకు తీసుకుని "ఇప్పుడు మన గోదావరి జానపదం" అని మొదలుపెట్టింది. నా పాట! బాణీ మారలేదు. ఒక్క మాట మారింది. నేను 'పంటు' అని రాసిన చోట 'పడవ' అంది. జనం వన్స్‌మోర్ అన్నారు. గుంపులో నిలబడి నేనూ చప్పట్లు కొట్టాను. కానీ ఇంటికొచ్చాక నిద్ర పట్టలేదు. పడవ ఎక్కడైనా ఉంటుంది తమ్ముడూ. పంటు అంటే నాకు ఇదే, ఈ రేవే.

హోస్ట్: ఆ అమ్మాయిని అడగలేదా?

అక్క: అడిగాను. తను నిజంగానే జానపదం అనుకుంది. ఎవరి దగ్గరో విని నేర్చుకుందట. తన తప్పేముంది, నాదని నేను ఎన్నడైనా చెప్పానా? పాట అయితే సినిమాది, లేకపోతే జానపదం. మన పక్క ఊరి మనిషి రాసి ఉండొచ్చన్న ఆలోచనే ఎవరికీ రాదు.

మా అమ్మమ్మ ఊడుపుల్లో పాడేది. కొన్ని పాటలు నాకు ఇప్పటికీ నోటికొచ్చు. వాటిని మొదట కట్టిన మనిషి ఒకరు ఉంటారు కదా? బురదలో వంగి నారు నాటుతూ ఆ వరస ఎత్తుకున్న ఒకామె. ఆమె పేరు మనదాకా రాలేదు. ఆ రాత్రి నేను నా పాట గురించి కన్నా ఆమె గురించే ఎక్కువ ఆలోచించాను.

హోస్ట్: చట్టం ఏమంటుంది?

అక్క: ఒక లాయరుగారు ఓపిగ్గా చెప్పారు. మన కాపీరైట్ చట్టం 1957 నాటిది. పాట కట్టగానే హక్కు మనది, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. చేయించుకుంటే గొడవ వచ్చినప్పుడు సాక్ష్యంగా పనికొస్తుంది. సాహిత్యానికి, బాణీకి హక్కులు వేరువేరు. రాసినవాళ్ళు బతికున్నంతకాలం, ఆ తర్వాత ఇంకో 60 ఏళ్ళు ఉంటాయి. పెళ్ళి వేడుకల్లో పాడితే మాత్రం అది ఉల్లంఘన కాదు, చట్టంలోనే మినహాయింపు ఉంది. ఆ మినహాయింపు మీదే నేను ఇన్నేళ్ళూ పెళ్ళిళ్ళలో వేరేవాళ్ళ పాటలు పాడుకుంటున్నాను, కాబట్టి దాని మీద నాకు ఫిర్యాదు లేదు. నా మనసుకి పట్టింది 57వ సెక్షన్. ఇది నేను చేసింది అని చెప్పుకునే హక్కు. పాటని వేరేవాళ్ళకి అమ్మేసినా ఆ హక్కు పోదు. నాకు కావలసింది అదే!

హోస్ట్: మరి ఇప్పుడు చెబుతున్నారా?

అక్క: ప్రతిసారీ చెబుతాను. కొందరు లేచి వెళతారు, నిజమే. ఉన్నవాళ్ళు మాత్రం కుర్చీ ముందుకి జరుపుకుంటారు. పాట అయ్యాక వచ్చి వాళ్ళ సంగతులు చెబుతారు. "మా పెళ్ళివాళ్ళం పంటు మీదే రెండు గంటలు ఇరుక్కుపోయామమ్మా" అని ఒకావిడ చెప్పింది. ఆ ముక్క ఇప్పుడు వేరే పాటయింది. ఆషాఢంలో, మూఢంలో ముహూర్తాలుండవు, అప్పుడు పిల్లలకి గిటారు నేర్పుతూ ఇలాంటివి పూర్తి చేసుకుంటాను.

హోస్ట్: ఆ అమ్మాయి?

అక్క: ఇప్పటికీ పాడుతోంది. ముందు నా పేరు చెప్పి, 'పంటు' అనే పాడుతోంది. నాకంటే బాగా పాడుతుంది కూడా.

హోస్ట్: మాకోసం ఒకసారి పాడతారా?

అక్క: ఉండు, శ్రుతి చూసుకోనీ. ఈ ఉప్పుగాలికి తీగలు తొందరగా తుప్పు పట్టేస్తున్నాయి. ఆ... ఇది నేను రాసిన పాటండీ. ఈ రేవులోనే రాశాను.

ఇటు రేవున మెట్టినిల్లు, అటు రేవున పుట్టినిల్లు
పంటు మీద నించున్న ఆ కాసేపే నా ఇల్లు