టైటిల్ వన్ బడి అంటే భయపడాలా? ఫెడరల్ డబ్బు పేద పిల్లల దాకా చేరే దారి

(తెర మీద: టెక్సస్ మ్యాపు. డాలస్ పక్కన ఇర్వింగ్ నగరం.)

నమస్కారం. అమెరికాలో ఇల్లు వెతుక్కునే తెలుగు కుటుంబాల మధ్య తరచుగా వినిపించే ప్రశ్న ఇది: "ఆ ఇంటి అడ్రసుకు వచ్చేది టైటిల్ వన్ బడి అట కదండీ, పిల్లల్ని అక్కడ చేర్చవచ్చా?" టైటిల్ వన్ అంటే చదువు సరిగా చెప్పని బడి అనీ, దానికి దూరంగా ఉండడమే మేలనీ చాలామంది నమ్ముతున్నారు. ఆ నమ్మకం తప్పు. అక్కడి పిల్లల్లో పేద కుటుంబాలవాళ్లు ఎక్కువమంది ఉన్నారనీ, అందుకోసం ఫెడరల్ ప్రభుత్వం అదనంగా డబ్బు పంపుతోందనీ మాత్రమే ఆ పేరు చెబుతుంది. అక్కడి టీచర్లు పాఠం ఎలా చెబుతారో దాన్నిబట్టి తెలియదు.

ఆ డబ్బు ఎందుకు మొదలైంది, వాషింగ్టన్ నుంచి తరగతి గది దాకా ఎలా వస్తుంది, దాని మీద తల్లిదండ్రులకు ఏ హక్కులున్నాయి అన్నవి ఈ వీడియోలో చూద్దాం.

(తెర మీద: ఇర్వింగ్ మ్యాపు మూడు రంగులుగా విడిపోతుంది.)

ఇర్వింగ్ మనవాళ్లకు బాగా తెలిసిన ఊరు. నగరం ఒక్కటే అయినా అక్కడి ఇళ్లు మూడు స్కూల్ డిస్ట్రిక్టుల (ఒక ప్రాంతపు ప్రభుత్వ బడులను నడిపే స్థానిక సంస్థల) కిందికి వస్తాయి: ఇర్వింగ్, కాపెల్, కారల్టన్-ఫార్మర్స్ బ్రాంచ్. వ్యాలీ రాంచ్‌లో తెలుగువాళ్లు ఉండే చాలా వీధులు కాపెల్ డిస్ట్రిక్టువి. దక్షిణాన ఉన్న పాత ఇర్వింగ్ పిల్లలు ఇర్వింగ్ డిస్ట్రిక్టు బడులకు వెళతారు. వాళ్లలో అధికభాగం హిస్పానిక్ కుటుంబాల పిల్లలు, తక్కువ ఆదాయం ఉన్న ఇళ్లనుంచి వచ్చేవాళ్లు. కాపెల్‌లో అలాంటి పిల్లలు చాలా తక్కువ. ఒక డిస్ట్రిక్టు నుంచి ఇంకో డిస్ట్రిక్టుకు కారులో కొద్ది నిమిషాల ప్రయాణమే. ఫెడరల్ సాయం మాత్రం రెండు చోట్లకూ ఒకేలా రాదు. రాకూడదు కూడా.

ఎందుకో తెలియాలంటే అమెరికాలో బడి ఖర్చు ఎవరు భరిస్తారో చూడాలి. మామూలు సంవత్సరాల్లో ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చేది నూటికి ఎనిమిది నుంచి పది డాలర్లు. మిగతాదంతా రాష్ట్రమూ, స్థానికులూ భరిస్తారు. స్థానికుల వాటాలో ఎక్కువ భాగం ఇళ్ల మీద, దుకాణాల మీద వేసే ఆస్తి పన్ను. ఖరీదైన ఇళ్లున్న చోట బడికి డబ్బు సులువుగా వస్తుంది. చిన్న ఇళ్లున్న చోట ఎంత పన్ను వేసినా చాలదు.

(తెర మీద: రెండు అంకెలు పక్కపక్కన. 26 డాలర్లు. 333 డాలర్లు.)

ఈ రెండు అంకెలూ టెక్సస్‌వే. శాన్ ఆంటోనియో ప్రాంతంలోని రెండు డిస్ట్రిక్టులవి, 1967-68 విద్యా సంవత్సరానివి. ఎడ్జ్‌వుడ్‌లో పేద మెక్సికన్ అమెరికన్ కుటుంబాలు ఉండేవి. వాళ్లు ప్రతి 100 డాలర్ల ఆస్తి విలువకు 1 డాలరు 5 సెంట్లు పన్ను కట్టారు. దానివల్ల ఒక్కో విద్యార్థికి సమకూరింది 26 డాలర్లు. సంపన్నులుండే అలమో హైట్స్‌లో పన్ను 85 సెంట్లే. అక్కడ ఒక్కో విద్యార్థికి సమకూరింది 333 డాలర్లు. ఎక్కువ రేటుకు పన్ను కట్టినవాళ్ల పిల్లలకు పన్నెండో వంతు కూడా దక్కలేదు. ఈ లెక్క ఎన్నిసార్లు చదివినా నాకు కోపం వస్తుంది.

ఎడ్జ్‌వుడ్ తండ్రి డిమెట్రియో రోడ్రిగెజ్, మరికొందరు తల్లిదండ్రులూ ఇది అన్యాయమని కోర్టుకెక్కారు. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1973 మార్చిలో అయిదుగురు న్యాయమూర్తులు ఒకవైపు, నలుగురు మరోవైపు నిలిచిన ఆ తీర్పులో రోడ్రిగెజ్ ఓడిపోయారు. ఫెడరల్ రాజ్యాంగం చదువును ప్రాథమిక హక్కుగా గుర్తించలేదని కోర్టు చెప్పింది. ఆ తర్వాత పోరాటం రాష్ట్ర కోర్టుల్లో సాగి, 1993 నుంచి టెక్సస్ ప్రభుత్వం ఆస్తి విలువ ఎక్కువున్న డిస్ట్రిక్టుల పన్నులో కొంత తీసుకుని పంచుతోంది. దేశం మొత్తానికి మాత్రం, పేద పిల్లల వైపు ఫెడరల్ ప్రభుత్వం నిలబడేలా చేస్తున్నది కోర్టు తీర్పు కాదు, కాంగ్రెస్ (అమెరికా పార్లమెంటు) చేసిన చట్టం.

(తెర మీద: పాత బడి భవనం ముందు ఆరుబయట బల్ల. సంతకం చేస్తున్న లిండన్ జాన్సన్.)

1965 ఏప్రిల్ 11. అధ్యక్షుడు లిండన్ జాన్సన్ టెక్సస్‌లో తాను చిన్నప్పుడు చదువుకున్న ఒంటిగది బడి దగ్గర, తనకు అక్షరాలు నేర్పిన కేట్ డెడ్రిక్ లోనీ టీచరును పక్కన కూర్చోబెట్టుకుని, ప్రాథమిక, మాధ్యమిక విద్యా చట్టం మీద సంతకం చేశారు. ఆ చట్టంలో మొదటి భాగమే టైటిల్ వన్. జాన్సన్ యువకుడిగా ఉన్నప్పుడు, 1928లో, కొటుల్లా అనే చిన్న ఊళ్లో మెక్సికన్ అమెరికన్ పిల్లలకు పాఠాలు చెప్పారు. ఉదయం ఏమీ తినకుండా, ఆకలితో తరగతికి వచ్చే ఆ పిల్లల గురించి 1965 మార్చిలో కాంగ్రెస్ ముందు చేసిన ప్రసంగంలోనూ చెప్పుకున్నారు. చట్టం తర్వాత పలుమార్లు మారింది. 2002లో బుష్, 2015 డిసెంబరులో ఒబామా సంతకాలతో కొత్త రూపాలు వచ్చాయి. టైటిల్ వన్ అన్నిటిలోనూ నిలిచింది. 2024 ఆర్థిక సంవత్సరంలో దీనికి కేటాయించింది సుమారు 1,840 కోట్ల డాలర్లు.

(తెర మీద: వాషింగ్టన్, రాష్ట్రం, డిస్ట్రిక్టు, బడి. వీటిని కలిపే బాణాలు.)

ఇక దారి. 5 నుంచి 17 ఏళ్ల మధ్య పిల్లల్లో దారిద్ర్యరేఖకు దిగువన ఉన్న కుటుంబాలవాళ్లు ఎందరో జనగణన సంస్థ ప్రతి డిస్ట్రిక్టుకూ అంచనా వేస్తుంది. పన్ను రిటర్నుల వివరాలు, ఆహార సాయం పొందేవారి లెక్కలు ఇందుకు పనికొస్తాయి. ఇతర కుటుంబాల సంరక్షణలో (ఫాస్టర్ కేర్) పెరిగే పిల్లలను కూడా ఈ లెక్కలో చేరుస్తారు. ఆ సంఖ్యను నాలుగు సూత్రాల్లో వేసి డిస్ట్రిక్టుకు ఎంత రావాలో తేలుస్తారు. మొదటిది చాలా ఉదారమైనది: డిస్ట్రిక్టులో అలాంటి పిల్లలు పదిమంది ఉండి, మొత్తంలో 2 శాతం దాటితే చాలు, ఎంతో కొంత వస్తుంది. రెండోదానికి 15 శాతం దాటాలి, లేదా 6,500 మంది కన్నా ఎక్కువ ఉండాలి. మిగతా రెండూ పేదరికం గుమిగూడిన చోటికి ఎక్కువ పంపడానికి చేర్చినవి.

నా దృష్టిలో ఇందులో రెండు లోపాలున్నాయి. అర్హత గీత మరీ కిందికి ఉండడంతో దేశంలో చాలా డిస్ట్రిక్టులకు డబ్బు చేరుతుంది, అవసరం తీవ్రంగా ఉన్నచోట పలచబడుతుంది. ఇంకోటి, రాష్ట్రం తన బడుల మీద సగటున ఎంత ఖర్చుపెడుతుందో కూడా సూత్రంలో ఉంది. కొన్ని పరిమితులు పెట్టినా, ఎక్కువ ఖర్చుపెట్టగల న్యూయార్క్‌లోని పేద పిల్లవాడికి లెక్కలో పడే మొత్తం, మిసిసిపీలోని పేద పిల్లవాడి మొత్తం కన్నా ఎక్కువ. సాయం ఎక్కువ కావలసింది ఎవరికి?

(తెర మీద: బడుల పేర్ల స్థానంలో పైనుంచి కిందికి శాతాలు.)

డబ్బు డిస్ట్రిక్టుకు చేరాక మొదట కొన్ని పక్కన పెట్టాలి. సొంత ఇల్లు లేక షెల్టర్లలో, మోటెళ్లలో, బంధువుల ఇళ్లలో తలదాచుకుంటున్న పిల్లల కోసం కొంత తప్పనిసరి. వాళ్లకు బట్టలు, కళ్లజోడు, పాత బడికే వెళ్లడానికి రవాణా ఇందులోనుంచి ఇవ్వవచ్చు. డిస్ట్రిక్టుకు 5 లక్షల డాలర్లు మించి వస్తే, తల్లిదండ్రుల భాగస్వామ్యం కోసం కనీసం 1 శాతం పెట్టాలి. ఆ తర్వాత బడులను పేదరికం క్రమంలో పేర్చుతారు. పేద పిల్లలు 75 శాతం దాటిన బడులన్నిటికీ ముందు ఇవ్వాలి. ఎక్కువ పేదరికం ఉన్న బడికి ఇచ్చే తలసరి మొత్తం కన్నా, తక్కువ పేదరికం ఉన్న బడికి ఎక్కువ ఇవ్వకూడదు.

ఈ క్రమం ఎలా తేలుతుంది? చాలా చోట్ల ఉచిత, తగ్గింపు ధర భోజనం లెక్కలనుంచే. ఆదాయం దారిద్ర్యరేఖకు 130 శాతం లోపు ఉంటే భోజనం ఉచితం, 185 శాతం లోపు ఉంటే తగ్గింపు. పిల్లలందరికీ ఉచితంగా పెట్టే బడులు కూడా ఉన్నాయి, అక్కడ ఈ లెక్క వేరుగా వేస్తారు. మిగతా చోట్ల మాత్రం ఆగస్టులో వచ్చే భోజనం ఫారానికి చాలా బరువుంది. హైస్కూలుకు వచ్చిన పిల్లలు సిగ్గుపడి ఆ ఫారం ఇవ్వరు, దానివల్ల బడి లెక్కలో పేదరికం తక్కువగా కనబడుతుంది. అందుకే హైస్కూళ్లకు 75 బదులు 50 శాతం గీత వాడుకునే వీలు 2015 చట్టం ఇచ్చింది. మీరు అర్హులైతే దయచేసి ఆ ఫారం నింపండి. ఉద్యోగం పోయిన ఏడాది అయితే మరీను. ఆ ఒక్క కాగితం మీ పిల్లవాడి భోజనంతో పాటు బడికి వచ్చే టీచర్ల సంఖ్యను కూడా మార్చగలదు.

ఎలాగంటారా? ఒక బడిలో 400 మంది పేద పిల్లలున్నారనీ, డిస్ట్రిక్టు తలా 600 డాలర్లు కేటాయించిందనీ అనుకుందాం. మొత్తం 2 లక్షల 40 వేల డాలర్లు. ముగ్గురో నలుగురో టీచర్ల జీతం. నిజంగానూ ఈ డబ్బులో ఎక్కువ భాగం మనుషులకే పోతుంది: చదవడం వెనకబడిన పిల్లలను నలుగురైదుగురిగా కూర్చోబెట్టుకుని చెప్పే టీచరు, లెక్కలకు ఇంకొకరు, తరగతిలో సాయపడే సహాయకులు, కౌన్సెలరు, వేసవి తరగతులు.

(తెర మీద: "అదనం" అనే మాట.)

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన నియమం. ముందు ఒక ఇంటి సంగతి ఊహించుకోండి. మనవడి పాల కోసం తాతయ్య ఊరినుంచి డబ్బు పంపారు. తండ్రి ఆ డబ్బుతో పాలు కొని, తాను రోజూ పాలకు పెట్టే డబ్బును కరెంటు బిల్లుకు మళ్లించాడు. పిల్లవాడు తాగే పాలు ఒక్క చుక్క పెరగలేదు. టైటిల్ వన్ మొదటి ఏళ్లలో చాలా డిస్ట్రిక్టులు ఇదే చేశాయి. 1969లో రూబీ మార్టిన్, ఫిలిస్ మెక్‌క్లూర్ రాసిన నివేదిక దీన్ని బయటపెట్టింది: పేద పిల్లల డబ్బు బడుల మామూలు ఖర్చుల్లో కలిసిపోతోంది. మరుసటి ఏడాదే కాంగ్రెస్ చట్టాన్ని బిగించింది. ఫెడరల్ డబ్బు రాష్ట్ర, స్థానిక డబ్బుకు అదనంగా ఉండాలి, దాని స్థానంలోకి రాకూడదు. టైటిల్ వన్ బడికి స్థానిక నిధులు ఎలా పంచారో డిస్ట్రిక్టు చూపించగలగాలి. నివేదిక రాసిన ఆ ఇద్దరు మహిళలకూ ఈ దేశపు పేద పిల్లలు రుణపడి ఉన్నారని నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను.

(తెర మీద: రెండు తరగతి గదులు.)

బడిలోపల ఈ డబ్బు రెండు రకాలుగా నడుస్తుంది. పేద పిల్లలు 40 శాతం ఉంటే బడి మొత్తాన్ని బాగుచేసే పథకం రాసుకోవచ్చు, అప్పుడు ఆ సాయం బడిలోని ప్రతి పిల్లవాడిదీ. లేకపోతే, ఎంపిక చేసిన పిల్లలకే సాయం. ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. డబ్బు బడికి వచ్చేది పేదరికాన్నిబట్టి, పిల్లల ఎంపిక మాత్రం చదువులో వెనకబాటునుబట్టి. తండ్రి జీతం ఎంతని అడగరు. ఇండియా నుంచి నిన్నమొన్న వచ్చి, ఇంగ్లీషు కథ చదవడానికి తడబడుతున్న మూడో తరగతి పాప కూడా ఈ టీచరు దగ్గర కూర్చోవచ్చు. ఇంగ్లీషు నేర్చుకునే పిల్లలకు టైటిల్ త్రీ అనే వేరే నిధి ఉంది, అది ఉందని ఇది ఆగదు.

2025 మార్చిలో ఫెడరల్ విద్యాశాఖను మూసివేసే దిశగా అధ్యక్షుడు ట్రంప్ ఉత్తర్వు ఇచ్చాక, ఈ డబ్బు ఆగిపోతుందేమోనని చాలామంది కలవరపడ్డారు. టైటిల్ వన్ చట్టంలో రాసి ఉన్న కార్యక్రమం. దాన్ని రద్దు చేయాలన్నా, నిధులు కేటాయించాలన్నా కాంగ్రెస్‌దే అధికారం. మీ ప్రాంతపు కాంగ్రెస్ సభ్యులకు ఓటర్లు రాసే ఉత్తరాలకు అందుకే విలువ.

(తెర మీద: బడి నుంచి వచ్చిన నోటీసు కాగితం.)

చివరిగా, మీ పిల్లల బడి టైటిల్ వన్ అయితే మీకున్న హక్కులు. బడి ఏటా ఒక సమావేశం పెట్టి ఈ కార్యక్రమం గురించి తల్లిదండ్రులకు చెప్పాలి. బడి ఏం చేస్తుందో, ఇంట్లో మీరేం చేయాలో రాసిన ఒప్పంద పత్రం ఇవ్వాలి. మీ పిల్లవాడి టీచరుకు ఏ అర్హతలున్నాయని మీరు అడగవచ్చు, డిస్ట్రిక్టు జవాబివ్వాలి. తల్లిదండ్రుల కోసం పక్కన పెట్టిన ఆ 1 శాతాన్ని ఎలా వాడాలో చెప్పడంలోనూ మీకు చోటుంది. వీలైనంతవరకు సమాచారం మీకు అర్థమయ్యే భాషలో ఉండాలని చట్టమే చెబుతోంది. పిల్లల దగ్గర ఉండడానికి వచ్చిన అమ్మమ్మ, నాయనమ్మ సమావేశానికి వెళుతుంటే, తెలుగు దుబాసీ కావాలని బడి ఆఫీసులో ముందుగానే అడగండి. ఈ సమావేశం చాలా చోట్ల విద్యా సంవత్సరం మొదట్లోనే జరుగుతుంది, కాబట్టి పిల్లల సంచీలో వచ్చే కాగితాలను ఆ వారాల్లో ఒకసారి తిరగేయండి.