కాలం తగిలేది రాబిన్‌కే

మిత్రులారా, నమస్కారం.

సూపర్‌హీరోల పక్కన నిలబడే సైడ్‌కిక్‌లను అభిమానులు అంతగా సొంతం చేసుకోవడానికి కారణం ఏమిటన్నది ఈ సాయంత్రం నాకు ఇచ్చిన అంశం. దీనికి అందరి నోటా వినిపించే జవాబు ఒకటుంది. సైడ్‌కిక్ మనలాంటి మామూలు మనిషి, పైగా నవ్విస్తాడు, అందుకే నచ్చుతాడు అని. అందులో నిజం పాలు తక్కువ. మేడల మీద నుంచి దూకి, గాల్లో పల్టీలు కొట్టి, తుపాకులు పట్టినవాళ్లను మట్టి కరిపించే కుర్రాడు ఏ లెక్కన మామూలు మనిషి? ఇక నవ్వించడం ఒక్కటే పనిగా పుట్టిన పాత్రలు ఎన్నో వచ్చాయి, పోయాయి. పాత కామిక్ సంచికలు సేకరించేవాళ్లకు తప్ప వాటి పేర్లు ఎవరికీ గుర్తులేవు.

నేను చెప్పదలచుకున్నది వేరు. హీరో మారడు. వచ్చే నెల సంచికలోనూ అతడు అదే ముసుగుతో, అదే పంతంతో కనబడాలి కాబట్టి మారడానికి వీల్లేదు. సైడ్‌కిక్‌కు ఆ కట్టుబాటు లేదు. అతడు పెరుగుతాడు, ఎదురు తిరుగుతాడు, దారి తప్పుతాడు, ఒక్కోసారి చనిపోతాడు. ఆ కథల్లో కాలం తగిలేది అతడికే. పాఠకుడు అతడిలో తనను పోల్చుకునేది అక్కడే.

రాబిన్‌తో మొదలుపెడదాం. 1939లో బ్యాట్‌మ్యాన్ వచ్చాడు. మొదటి ఏడాది ఒంటరివాడు. ఒంటరివాడి కథ రాయడం కష్టం. అతడు మాట్లాడడానికి ఎవరూ ఉండరు, పేజీ తర్వాత పేజీ తనలో తానే అనుకుంటూ ఉండాలి. షెర్లాక్ హోమ్స్‌కు వాట్సన్ ఉన్నట్టు ఇతడికీ ఒకడు కావాలనిపించిందని రచయిత బిల్ ఫింగర్ తర్వాతి కాలంలో చెప్పాడు. అలా 1940 ఏప్రిల్ సంచికలో సర్కస్ కుర్రాడు డిక్ గ్రేసన్ రాబిన్‌గా అడుగుపెట్టాడు. అమ్మకాలు దాదాపు రెట్టింపయ్యాయని అంటారు. అతడి దుస్తులను ఒకసారి గుర్తు తెచ్చుకోండి. నల్లని నీడలాంటి మనిషి పక్కన ఎరుపు, ఆకుపచ్చ, పసుపు. చీకట్లో దాక్కోవాల్సినవాడికి ఆ రంగులేమిటని అప్పటి నుంచి ఇప్పటి వరకు నవ్వుకుంటూనే ఉన్నాం. నిజానికి ఆ రంగుల్లోనే తెలివి ఉంది. ఇద్దరి తల్లిదండ్రులూ హత్యకు గురైనవారే. ఒకే దుఃఖం ఒకరిని నలుపులోకి నెట్టింది, మరొకరిని నెట్టలేదు. ఒక్క మాట అవసరం లేకుండా బొమ్మే ఆ తేడా చెప్పేస్తుంది.

రాబిన్ విజయం చూసి ప్రతి ప్రచురణకర్తా ఒక కుర్రాడిని తెచ్చుకున్నాడు. వాళ్లలో చాలామంది హీరోకు చిన్న సైజు నకళ్లు. హీరో నిప్పుల మనిషి అయితే కుర్రాడూ నిప్పుల మనిషే. హీరో బాణాలు వేస్తే కుర్రాడూ బాణాలే వేస్తాడు. రెండో బాణం ఎందుకో ఎవరూ చెప్పరు. కొంచెం భిన్నమైనవాడు సూపర్‌మ్యాన్ స్నేహితుడు జిమ్మీ ఓల్సెన్. ఏ శక్తీ లేని ఈ పత్రికా ఫోటోగ్రాఫర్ పేరుతో 1954 నుంచి 1974 వరకు విడిగా ఒక కామిక్ నడిచింది, 163 సంచికలు. అందులో పాపం ఒకసారి రాక్షస తాబేలుగా కూడా మారాడు. అయినా ప్రతి కథ చివరా అతడు మొదటి పేజీకే తిరిగి వచ్చేవాడు. అందుకే జిమ్మీ నాకు ముద్దొస్తాడు గానీ, నన్ను వెంటాడడు.

వెంటాడేవాడు జేసన్ టాడ్, రెండో రాబిన్. ఇతడి గురించి కొంత ఎక్కువసేపు మాట్లాడతాను. డిక్ పెద్దవాడై 1984లో నైట్‌వింగ్ అనే సొంత పేరు పెట్టుకున్నాడు. ఆ ఖాళీని నింపడానికి 1983లోనే జేసన్‌ను తెచ్చి ఉంచారు. మళ్లీ సర్కస్ కుటుంబం, మళ్లీ హత్యకు గురైన తల్లిదండ్రులు. పాఠకులు ఊరికే ఉంటారా? నకలును పట్టేశారు. దాంతో 1987లో అతడి గతాన్ని తిరగరాశారు. ఈసారి అతడు వీధుల్లో బతికే కుర్రాడు, బ్యాట్‌మ్యాన్ కారు చక్రాలనే విప్పి అమ్ముకోబోయిన గడుగ్గాయి. నన్నడిగితే అది అద్భుతమైన ప్రవేశం. కానీ అతడి కోపం, తలబిరుసుతనం చాలామందికి నచ్చలేదు. 1988లో ప్రచురణకర్తలు రెండు ఫోన్ నంబర్లు ప్రకటించి, జేసన్ బతకాలో చావాలో ఓటు వేయమన్నారు. చావాలన్నవి 5,343 ఓట్లు, బతకాలన్నవి 5,271. తేడా 72.

ఈ సంగతి చెప్పేవాళ్లంతా అభిమానులు జేసన్‌ను ద్వేషించారని తేల్చేస్తారు. లెక్క అలా చెప్పడం లేదు. అంత మొండి కుర్రాడి కోసం డబ్బు ఖర్చు పెట్టి ఫోన్ చేసినవాళ్లు దాదాపు సగం మంది. పైగా ఆ కథలో అతడు కన్నతల్లిని వెతుక్కుంటూ వెళ్లి, తనను బ్యాట్‌మ్యాన్ శత్రువు జోకర్‌కు అప్పగించిన ఆ తల్లినే పేలుడు నుంచి కాపాడబోయి చనిపోతాడు. ఒక్కసారిగా అందరికీ అర్థమయ్యాడు, కాస్త ఆలస్యంగా.

2005లో జేసన్ రెడ్ హుడ్ అనే కొత్త పేరుతో తిరిగివచ్చాడు. కామిక్స్‌లో చచ్చినవాళ్లు బతకడం వింత కాదు, చాలాసార్లు అది బద్ధకం కూడా. ఇక్కడ మాత్రం అతడు బ్యాట్‌మ్యాన్‌ను అడగాల్సిన ఒక ప్రశ్నతో వచ్చాడు. నన్ను కాపాడలేకపోయావు, సరే. నన్ను చంపిన జోకర్ ఇంకా ఎందుకు బతికి ఉన్నాడు? పాఠకుడు ఏళ్ల తరబడి మనసులో అడుగుతున్న ప్రశ్న అది. పోలీసు అధికారి అడిగితే వాదన అవుతుంది, శత్రువు అడిగితే ఎత్తుగడ అవుతుంది. ఇంట్లో పెరిగిన కుర్రాడు అడిగితే హీరో దగ్గర జవాబు ఉన్నా చాలదు. హీరోను అంత దగ్గరి నుంచి నిలదీసే హక్కు మరే పాత్రకూ లేదు.

జేసన్ తర్వాత, 1989లో, టిమ్ డ్రేక్. ఇతడిని మలచిన తీరు నాకు చాలా ఇష్టం. చిన్నప్పుడు సర్కస్‌లో గ్రేసన్ కుటుంబాన్ని చూశాడు. తర్వాత టీవీలో రాబిన్ కొట్టిన ఒక పల్టీ చూసి, అది డిక్ గ్రేసన్ తప్ప మరొకరు చేయలేని విన్యాసమని పోల్చుకుని, రాబిన్ ఎవరో, బ్యాట్‌మ్యాన్ ఎవరో తేల్చేశాడు. అంటే పాత సంచికలన్నీ శ్రద్ధగా చదివిన పాఠకుడు చేసే పనే చేశాడు. జేసన్ పోయాక బ్యాట్‌మ్యాన్ విచక్షణ కోల్పోవడం గమనించాడు. మళ్లీ రాబిన్ వేషం వేయమని డిక్‌ను బతిమాలాడు. డిక్ ఒప్పుకోకపోతే తానే ఆ దుస్తులు తొడుక్కున్నాడు. మొదటి ఇద్దరినీ బ్యాట్‌మ్యాన్ చేరదీశాడు. మూడోవాడు బ్యాట్‌మ్యాన్‌నే ఆదుకోవడానికి వచ్చాడు. అభిమాని కోరుకునేది అదే కదా, తాను ప్రేమించిన కథకు తన అవసరం పడడం.

కుర్ర సైడ్‌కిక్ అంటే గిట్టనివాళ్లూ ఉన్నారు. వాళ్లలో పెద్ద పేరు కామిక్స్ రచయిత స్టాన్ లీ. అందుకే 1962లో స్పైడర్‌మ్యాన్‌ను సృష్టించినప్పుడు కుర్రాడినే హీరోను చేశాడు. గొప్ప ఆలోచన. కానీ కెప్టెన్ అమెరికా పక్కన 1941 నుంచి ఉన్న బకీని, రెండో ప్రపంచ యుద్ధంలోనే చనిపోయినట్టు 1964లో చెప్పి పక్కకు తప్పించినప్పుడు, తనకు తెలియకుండానే ఒక గొప్ప కథకు విత్తనం వేశాడు. 2005లో రచయిత ఎడ్ బ్రూబేకర్ బకీని వింటర్ సోల్జర్ అనే హంతకుడిగా తిరిగి తెచ్చాడు. చూడండి, కెప్టెన్, బకీ ఇద్దరూ గడ్డకట్టిన నిద్రలో ఏళ్లు గడిపినవాళ్లే. కెప్టెన్ ఒక్కసారి లేచాడు, పడుకున్నప్పుడు ఎలా ఉన్నాడో అలాగే. బకీని మాత్రం అవసరం పడ్డప్పుడల్లా లేపి, హత్యలు చేయించి, మళ్లీ పడుకోబెట్టారు. హీరోకు తగలని చరిత్ర అంతా ఆ కుర్రాడి ఒంటి మీద పడింది.

పెద్దవాళ్ల నిర్లక్ష్యం కూడా సైడ్‌కిక్ మీదే పడుతుంది. విలుకాడు హీరో గ్రీన్ యారో చేరదీసిన కుర్రాడు స్పీడీ మాదకద్రవ్యాలకు బానిసైనట్టు 1971లో చూపించారు. లోకంలోని అన్యాయాల మీద ఉపన్యాసాలిచ్చే గ్రీన్ యారోకు ఇంట్లో కుర్రాడి సంగతి తెలియదు, తెలిశాక కొట్టాడు. హీరోను అంత చిన్నబుచ్చిన కథ అప్పటికి అరుదు. బ్యాట్‌మ్యాన్ జట్టులోని బ్యాట్‌గర్ల్ బార్బరా గోర్డన్ విషయంలో నాకు కోపం ఇంకా తగ్గలేదు. 1988లో ఆమెను తుపాకీతో కాల్చి చక్రాల కుర్చీలో కూలబెట్టింది ఆమె కథ కోసం కాదు, మగవాళ్ల బాధ చూపడానికి. మరుసటి ఏడాదే రచయితలు కిమ్ యేల్, జాన్ ఆస్ట్రాండర్ ఆమెను ఒరాకిల్ అనే కొత్త పేరుతో నిలబెట్టారు. కంప్యూటర్ ముందు కూర్చుని హీరోలందరికీ సమాచారం అందించే మనిషిగా. ఆ తర్వాత ఆమె ఎవరి పక్కనా లేదు. అందరూ ఆమె ఫోను కోసం ఎదురుచూసేవారు.

చివరగా వాలీ వెస్ట్. 1959లో కిడ్ ఫ్లాష్‌గా వచ్చాడు, మెరుపు వేగంతో పరుగెత్తే హీరో ఫ్లాష్‌కు అచ్చమైన నకలుగా. నేను ఇందాక వెక్కిరించిన రకమే. 1985లో పెద్ద ఫ్లాష్ బారీ ఆలెన్ చనిపోయాడు, వాలీ అతడి దుస్తులు వేసుకున్నాడు. ఆ దుస్తులకు తాను తగనన్న భయంతోనే ఏళ్ల తరబడి పరుగెత్తాడు. ఆ భయమే అతడిని నకలు కాకుండా చేసింది. ఇరవై ఏళ్లకు పైగా గడిచాక బారీని మళ్లీ బతికించారు. అయితే ఈ మధ్యలో పెరిగిన పాఠకులను ఫ్లాష్ ఎవరని అడిగి చూడండి, చాలామంది వాలీ పేరే చెబుతారు. బారీ అభిమానులు ఈ సభలో ఉంటే వాళ్ల వాదన వినడానికి నేను సిద్ధం. ముందు వాళ్లకే మైకు ఇవ్వండి.