రంగు పెన్సిళ్లతో ఆసు బొమ్మ: శ్రోత సందేహాలకు చిత్రకారిణి సమాధానాలు

వ్యాఖ్యాత: చిత్రకళా సందేహాల ఫోన్-ఇన్ కార్యక్రమానికి స్వాగతం. పుట్టపాక నుంచి ఒక శ్రోత లైన్‌లో ఉన్నారు. చెప్పండమ్మా.

శ్రోత: నమస్కారం మేడమ్. మా అమ్మ పెళ్లయిన నాటి నుంచి చేత్తోనే ఆసు పోసింది, అంటే నేతకు ముందు నూలును మేకుల చుట్టూ తిప్పి సిద్ధం చేసింది. ఇప్పుడు భుజం నొప్పితో చేయి ఎత్తలేకపోతోంది. ఆ శ్రమను ప్రతీకాత్మకంగా చిత్రించాలని మగ్గం, దీపం, పావురం, గడియారం, అమ్మ ముఖం అన్నీ ఒకే కాగితం మీద వేశాను. చూసినవారెవరికీ భావం అందడం లేదు.

చిత్రకారిణి: నమస్కారమమ్మా. దీపం, పావురం, గడియారం ఎవరి చిత్రంలోనైనా ఉండగలవు కాబట్టి అవి మీ అమ్మగారి గురించి ఏమీ చెప్పవు. ఆసు చెబుతుంది. అర్ధచంద్రాకారంలో నిలబడిన మేకులు, వాటి చుట్టూ దారాన్ని తిప్పుతూ వేలసార్లు వెళ్లివచ్చే చేయి ఉండగా వేరే ప్రతీకను వెతకనక్కరలేదు. ఆ దారాలు మేకుల దగ్గర ఆగకుండా మణికట్టు దాటి, నరాలై భుజంలోకి చొచ్చుకుపోయినట్టు గీయండి. ముఖం వద్దని నా అభిప్రాయం; ముఖం కనిపిస్తే చూపు అక్కడే నిలిచిపోతుంది, భుజం దాకా రాదు. ముందుగా అగ్గిపెట్టెంత నమూనాలు మామూలు పెన్సిల్‌తో కొన్ని గీసి, వెలుగునీడలు కుదిరిన దాన్నే పెద్దది చేయండి.

శ్రోత: రంగులు ఎలా ఎంచుకోవాలి మేడమ్? నా దగ్గర 48 రంగుల పెట్టె ఉంది.

చిత్రకారిణి: మీ ఊళ్లో నేసే తేలియా రుమాలు వస్త్రంలోని ఎరుపు, నలుపు, తెలుపు చాలు. వీటిలో తెలుపే కష్టమైనది. ముదురు రంగు మీద తెల్ల పెన్సిల్ రుద్దితే ఆ రంగు కాస్త పాలిపోతుందే తప్ప తెల్లబడదు. అందుకే చిటికి పనిలో, అంటే నూలును అక్కడక్కడ కట్టి రంగులో ముంచే పనిలో, గట్టిగా కట్టిన చోట నూలుకు రంగు అంటనట్టే, తెల్లగా మిగలవలసిన చోటును మొదటే కాపాడుకోవాలి. మందపాటి కాగితం తీసుకొని, రంగు వేయకముందే, సిరా అయిపోయిన బాల్‌పెన్నుతో దారాలను నొక్కి గీయండి. ఆపైన పెన్సిల్‌ను బాగా వాల్చి తేలికగా రుద్దితే రంగు ఆ పల్లాల్లోకి దిగదు కనుక దారాలు తెల్లగా తేలుతాయి. నలుపుకు ఒక్క నల్ల పెన్సిల్ చాలదు. ముదురు నీలం, ముదురు గోధుమ పలుచని పొరలుగా వేసి చివర నలుపు వేస్తేనే లోతు వస్తుంది. మొదటి పొరల్లోనే గట్టిగా నొక్కితే కాగితపు గరుకు అణగిపోయి తరువాతి పొర పట్టదు.

శ్రోత: ఇదివరకు వేసిన బొమ్మలో నల్లని భాగం మీద కొన్నాళ్లకు తెల్లటి మసక వచ్చింది. బూజేమో అనుకున్నాను.

చిత్రకారిణి: మైనం కలిసిన పెన్సిళ్లతో మందంగా రంగు వేసినప్పుడు ఆ మైనమే పైకి తేలి అలా కనిపిస్తుంది. మెత్తని బట్టతో సున్నితంగా తుడిచి, బొమ్మ మీద రంగును పట్టి ఉంచే ఫిక్సేటివ్ స్ప్రేను పలుచగా చల్లండి. నూనె ఆధారిత పెన్సిళ్లతో ఈ ఇబ్బంది తక్కువ.

శ్రోత: అమ్మ గదిలో పెట్టాలనుకుంటున్నాను. రంగు వెలిసిపోతుందా?

చిత్రకారిణి: కాంతికి ఏ రంగు ఎంత తట్టుకుంటుందో చాలా కంపెనీలు పెన్సిల్ మీదో రంగుల పట్టికలోనో గుర్తులతో సూచిస్తాయి. గులాబీ, ఊదా ఛాయలు సాధారణంగా త్వరగా వెలుస్తాయి కాబట్టి ఎరుపును ఆ గుర్తు చూసే ఎంచుకోండి. ఫ్రేము కట్టించేటప్పుడు అద్దం బొమ్మను తాకకుండా మధ్యలో మౌంటు అట్ట పెట్టించి, ఎండ నేరుగా పడని గోడకు తగిలించండి.