రెక్కలు చూసి చెప్పలేం: గూడబాతులపై ఫోన్-ఇన్

యాంకర్: శ్రోతలకు నమస్కారం. దూరాలు ఎగిరే పక్షుల జన్యువులను అధ్యయనం చేసే డాక్టర్ గారు ఈ రోజు మనతో ఉన్నారు. మొదటి ఫోను టెక్కలి నుంచి. చెప్పండి.

శ్రోత: నమస్కారమమ్మా. మాది తేలినీలాపురం పక్క ఊరు. ఏటా సైబీరియా నుంచి పక్షులు వచ్చి మా చింతచెట్ల మీద గూళ్లు కడతాయి. ఆడపడుచుల్లా చూసుకుంటాం. 2021 డిసెంబరులో గూడబాతులు, అదే పెలికాన్లు, చెట్ల మీద నుంచి రాలిపడి చనిపోవడం నా కళ్లతో చూశాను. ఆ లోటు తీరుతుందా? వేరే చోట్ల నుంచి వచ్చి చేరతాయా?

డాక్టర్: నమస్కారమండీ. ముందుగా ఒక మాట. సైబీరియా వైపు నుంచి శీతాకాలంలో వచ్చే పక్షులు ఇక్కడ తిండి తిని, పిల్లలను కనడానికి తిరిగి వెళ్లిపోతాయి. మీ చింతచెట్టు మీద గుడ్లు పెట్టే గూడబాతు మన దక్షిణాసియా పక్షి. మీ ఊళ్లో పుట్టింది మీ ఊరిదే. అందుకే ఆ శీతాకాలంలో వందకు పైగా చనిపోయాయంటే నాకు అంత బాధ కలిగింది. చేపల ద్వారా కడుపులోకి చేరిన నులిపురుగులు పరీక్షల్లో బయటపడ్డాయి. పోయినవాటిలో ఎక్కువ పెద్ద పక్షులే.

శ్రోత: మరి గూడబాతులు గూళ్లు కట్టే నేలపట్టు నుంచో కొల్లేరు నుంచో రావా అమ్మా? అవి కూడా ఇవే కదా?

డాక్టర్: రావచ్చు. కానీ ఇక్కడ రెండు లెక్కలు వేరు వేరుగా చూడాలి. తరానికి ఒకటో రెండో పక్షులు ఒక చోటి నుంచి మరో చోటికి వెళ్లి అక్కడ పిల్లలను కంటే చాలు, రెండు చోట్ల జన్యువులూ ఎక్కువ తేడా లేకుండా ఉంటాయి. పోయిన వంద పక్షుల స్థానం నిండాలంటే ఆ ఒకటి రెండు ఏ మూలకు? డీఎన్‌ఏ పరీక్షలో తేలినీలాపురం, ఇంకా ఇవి గూళ్లు కట్టే ఆటపాక, ఉప్పలపాడు పక్షులన్నీ ఒకటేనని వచ్చినా, అందులో ఒక చోటు పోయినా ఫరవాలేదని ఎవరూ అనకూడదు. అలా చదివే అధికారులు, శాస్త్రవేత్తలు కూడా ఉన్నారు, అది తప్పు. మీ లోటును ప్రధానంగా మీ ఊరి పిల్లలే తీర్చాలి. చెరువులో చేప, చెట్టు మీద కొమ్మ భద్రంగా ఉండేలా చూడండి. చనిపోయిన పక్షి కనబడితే చేతితో తాకకుండా వెంటనే అటవీశాఖకు చెప్పండి.

యాంకర్: తర్వాత నంద్యాల నుంచి.

శ్రోత: నమస్కారం మేడమ్. మా రోళ్లపాడు అభయారణ్యంలో బట్టమేక పిట్ట (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్) కనబడటం లేదు. రాజస్థాన్ పక్షిని తెచ్చి వదిలితే రక్తం కలుస్తుందా?

డాక్టర్: కలవకపోవడానికి కారణం కనిపించదు. మన శాస్త్రవేత్తలు అయిదు రాష్ట్రాల నుంచి 63 నమూనాలు చూసి 2011లో ప్రచురించారు. కణానికి శక్తినిచ్చే భాగమైన మైటోకాండ్రియాలోని డీఎన్‌ఏలో మూడే మూడు రకాలు దొరికాయి. అంటే రాష్ట్రానికో జాతిగా విడిపోలేదు. అయితే ఉన్న వైవిధ్యమే బాగా తక్కువ, అది దిగులు పడాల్సిన సంగతి. మీ దగ్గర అడ్డంకి జన్యువులు కావు, గడ్డిమైదానం. దానితో పాటు ఎగిరే పక్షికి తగిలే కరెంటు తీగలు.

యాంకర్: తిరుపతి నుంచి ఒక విద్యార్థిని.

శ్రోత: మేడమ్, నేను ఎమ్మెస్సీ చదువుతున్నాను. నేలపట్టు గూడబాతుల మీద ప్రాజెక్టు చేద్దామనుకుంటున్నాను. ఇంత దూరం ఎగిరే పక్షిలో తేడాలు ఏముంటాయి, వృథా శ్రమ అంటున్నారు.

డాక్టర్: రెక్కలు చూసి చెప్పలేమమ్మా. అమెరికా తెల్ల గూడబాతుల సంగతి విను. కాళ్లకు వేసిన ఉంగరాలు దొరికిన చోట్లను బట్టి రాకీ పర్వతాలకు తూర్పువి, పడమటివి పెద్దగా కలవవని అనుకునేవారు. 2011లో మైటోకాండ్రియా డీఎన్‌ఏ, కణం కేంద్రకంలో ఉండే డీఎన్‌ఏ రెండూ చూస్తే ఖండమంతా ఒకే గుంపుగా తేలింది. నల్లకనుబొమ్మ ఆల్బట్రాస్‌లది దీనికి తలకిందులు. సముద్రాలు దాటి ఎగురుతాయి, అయినా పుట్టిన దీవికే తిరిగి వస్తాయి. ఫాక్‌లాండ్ దీవులవి, దక్షిణ జార్జియావి డీఎన్‌ఏలో వేరుగా కనబడతాయి. ఎగరడం ఒకటి, వెళ్లిన చోట జతకట్టడం మరొకటి. నీ ప్రశ్న రెండోదాని గురించి.

శ్రోత: రక్తం తీయాలా మేడమ్?

డాక్టర్: అవసరం లేదు. గూళ్ల కింద రాలిన పెద్ద ఈకలు చాలు. బోలుగా ఉండే కాడ ముగిసి ఈకపోగులు మొదలయ్యే చోట సన్నని రంధ్రం ఉంటుంది. అక్కడ బ్లేడుతో చీల్చి చూడు, లోపల ఆవగింజంత ఎండిన రక్తం కనబడుతుంది. డీఎన్‌ఏ అందులో బాగా నిలుస్తుంది. ఎండలో రోజులు పడి ఉన్న ఈకను వదిలేయి. ప్లాస్టిక్ సంచిలో చెమ్మ పడుతుంది కాబట్టి కాగితం కవరు వాడు. అన్నిటికంటే ముఖ్యం, ఒక గూటికి ఒకే నమూనా. ఒకే గూటి తోబుట్టువులను కలిపి లెక్కేస్తే లేని తేడా ఉన్నట్టు చూపిస్తుంది. చోటుకు ఇరవై, ముప్పై గూళ్లు పెట్టుకో. నేలపట్టు ఒక్కటే సరిపోదు, పోలికకు కనీసం మరో రెండు చోట్లు కావాలి.

శ్రోత: మైటోకాండ్రియా ఒక్కటే చేస్తే ఖర్చు తగ్గుతుంది కదా?

డాక్టర్: తగ్గుతుంది. కానీ అది తల్లి నుంచే వస్తుంది. మగపక్షులు ఊళ్లు మారి జతకడుతుంటే నీకు కనబడదు. తల్లిదండ్రులిద్దరి నుంచీ వచ్చే కేంద్రక డీఎన్‌ఏ కూడా చూడు. హైదరాబాద్‌లో సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థ వారి లాకోన్స్ ఉంది, అంతరించే ప్రమాదంలో ఉన్న జీవుల ప్రయోగశాల అది, ఈకలు ఏరకముందే వారితో మాట్లాడు.

శ్రోత: ఎప్పుడు మొదలుపెట్టమంటారు?

డాక్టర్: అనుమతి లేకుండా ఒక్క ఈక కూడా ముట్టుకోవద్దు. నేలపట్టులో గూళ్ల కాలం అక్టోబరు ప్రాంతంలో మొదలవుతుంది, అటవీశాఖకు దరఖాస్తు వేసవిలోనే పెట్టు. కవరు మీద గూడు నంబరు, తేదీ పెన్సిలుతో రాయి. స్పిరిట్ తగిలితే పెన్ను సిరా చెరిగిపోతుంది.