పార్కిన్సన్స్ ఉన్న ఇంట్లో కడుపు మాట

అందరికీ నమస్కారం. ఆదివారం పొద్దున్నే మల్లేశ్వరానికి ఇంతమంది తెలుగువాళ్ళు వచ్చారు, చాలా సంతోషం. మెదడుకు వచ్చే పార్కిన్సన్స్ జబ్బును పరిచయం చేయమని నన్ను పిలిచారు. వణుకు, నడక తడబడడం మీకు తెలిసినవే. నేను మోషన్ గురించి మాట్లాడతాను. ముందు వరసలో అమ్మలు దయచేసి తల దించుకోకండి.

మా నాన్నగారికి చెయ్యి వణకడానికి చాలా ఏళ్ళ ముందే మలబద్ధకం మొదలైంది. ఎవరికి చూపించినా "వయసు కదండీ, నీళ్ళు బాగా తాగించండి" అనేవారు. జబ్బు తేలాక ఒక పెద్దాసుపత్రిలో వేళ్ళు ఆడించమన్నారు, నడిపించి చూశారు. నాన్న కడుపు సంగతి చెప్పబోతే, "అది వేరే డాక్టరుకు చెప్పుకోండి" అన్నారు. తలచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది.

వేరే ఎలా అవుతుందండీ? ఈ జబ్బుకు ఎవరి పేరు పెట్టారో ఆ డాక్టరు జేమ్స్ పార్కిన్సన్ 1817లోనే తన రోగుల మలబద్ధకం గురించి రాశారు. 2003లో జర్మనీ శాస్త్రవేత్త హైకో బ్రాక్, ఈ జబ్బు పేగుల నరాల్లో మొదలై వేగస్ నరం వెంట మెదడుకు పాకుతుందేమో అన్నారు. అందరిలోనూ అలాగే జరుగుతుందని తేలలేదు. మలబద్ధకం ఉన్నవాళ్ళు టెన్షన్ పడకండి, చాలామందికి ఈ జబ్బు రాదు.

మందు సంగతి వినండి. ఈ జబ్బుకు ఇచ్చే లెవోడోపా మాత్ర ఒంటికి పట్టేది చిన్నపేగులో. పొట్ట నెమ్మదిగా ఖాళీ అయితే మాత్ర అక్కడే ఆగిపోతుంది. పప్పన్నం, గుడ్డు తిన్న వెంటనే వేసుకుంటే వాటిలోని ప్రోటీన్లు మందుకు అడ్డుపడతాయి. నాన్న మధ్యాహ్నాలు కుర్చీలోంచి లేవలేకపోతే డాక్టర్లు డోసు పెంచుకుంటూ పోయారు. చివరికి ఒక చిన్న వయసు డాక్టరమ్మ అన్నం ఎప్పుడు తింటారు, మాత్ర ఎప్పుడు వేస్తారు అని అడిగారు! మాత్రను భోజనానికి అరగంట ముందుకు జరిపారు, విరేచనం సాఫీగా అవడానికి పొడి రాశారు. కొన్ని వారాలకు నాన్న మధ్యాహ్నం తనంతట తానే లేచి వరండాలోకి రాసాగారు.

ప్రోబయోటిక్స్, అంటే పేగులకు మేలు చేస్తాయనే సూక్ష్మజీవుల గురించి కూడా చెప్పమన్నారు. మజ్జిగ హాయిగా తాగండి. పార్కిన్సన్స్ నయమవుతుందని అమ్మే డబ్బాలు మాత్రం కొనకండి, అందుకు రుజువు లేదు.

టైమయిందంటున్నారు, ఒక్క నిమిషం. మోషన్ ఎన్నాళ్ళకోసారి అవుతోంది, మాత్ర ఎన్నింటికి, భోజనం ఎన్నింటికి, ఇవి చీటీ మీద రాసుకెళ్ళండి. డాక్టరు అడగకపోయినా బల్ల మీద పెట్టండి. మందు వేళలు మీ అంతట మీరు మార్చకండి. ఇంకోటి, మామగారు ఈ సంగతి కోడలితో చెప్పుకోలేరు. ఇక్కడున్న కొడుకులూ, ఇవాళ ఇంటికెళ్ళాక మీరే అడగండి.