ఆఖరి షాట్ కోబీదే... మరి లెక్క ఏమంటోంది?

[దృశ్యం: ఆఫీసు గది. ఒకతను కాగితాన్ని ఉండ చుట్టి, మూలనున్న చెత్తబుట్టలోకి విసురుతాడు.]

అమెరికాలో ఒక తరం మొత్తానికి ఈ అలవాటు ఉంది. కాగితం ఉండ చుట్టడం, చెత్తబుట్ట వైపు విసరడం, చెయ్యి వదిలే క్షణంలో "కోబీ!" అని అరవడం. కోబీ అంటే లాస్ ఏంజెలిస్ లేకర్స్ జట్టుకు ఆడిన బాస్కెట్‌బాల్ ఆటగాడు కోబీ బ్రయంట్. గురి తప్పితే ఏం చేస్తారు? చప్పుడు చేయకుండా వెళ్లి ఉండ తెచ్చుకుని మళ్లీ విసురుతారు. బుట్టలో పడేదాకా. పడిందే లెక్క, ముందు తప్పినవన్నీ ప్రాక్టీసు.

ఈ రోజు మనం కోబీకి తప్పినవాటిని లెక్కపెడదాం.

[దృశ్యం: లాస్ ఏంజెలిస్, 2009 డిసెంబర్ 4. స్కోరుబోర్డు: మయామీ 107, లేకర్స్ 105.]

ఇంకొన్ని సెకన్లే ఉన్నాయి. లేకర్స్ రెండు పాయింట్లు వెనకబడి ఉంది. బంతి ఎవరికి వెళ్తుందో స్టేడియంలో పాప్‌కార్న్ అమ్మేవాడికి కూడా తెలుసు. కోబీ బ్రయంట్ మీదకి మయామీ ఆటగాడు డ్వేన్ వేడ్ దూకాడు. కోబీ ఒంటికాలి మీద లేచి, బ్యాలెన్స్ లేకుండానే, త్రీ పాయింట్ గీత బయట నుంచి విసిరాడు. బంతి బోర్డుకు తగిలి లోపలికి జారింది. 108-107.

ఇలాంటిది ఒక్కటి చూస్తే చాలు, జన్మంతా గుర్తుండిపోతుంది. నాకూ గుర్తుండిపోయింది, అందుకే ఈ వీడియో మొదలుపెట్టేటప్పుడు కొంచెం ఇబ్బందిగానే అనిపించింది.

పోనీ, ఇది అభిమానుల పిచ్చి అనుకుందామా? అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో ఏటా జట్ల జనరల్ మేనేజర్లను కొన్ని ప్రశ్నలు అడుగుతారు. ఆటగాళ్లను కొనడం, అమ్మడం, బేరీజు వేయడమే వాళ్ల ఉద్యోగం. మ్యాచ్ చివరి షాట్ ఎవరి చేతికిస్తారు అని 2010-11 సీజన్‌లో అడిగితే 79 శాతం మంది చెప్పిన పేరు కోబీ.

[దృశ్యం: తెర మీద 115 చిన్న బంతులు. ఒక్కొక్కటిగా 79 బంతులు ఎర్రబడతాయి.]

అదే సీజన్‌లో ఈఎస్‌పీఎన్‌లో హెన్రీ ఆబట్ అనే రచయిత ఒక లెక్క ముందు పెట్టాడు. మ్యాచ్‌లో చివరి 24 సెకన్లు. స్కోరు సమానంగా ఉండాలి, లేదా జట్టు ఒకటి రెండు పాయింట్లు వెనకబడి ఉండాలి. అలాంటి సమయంలో కోబీ తన కెరీర్‌లో అప్పటిదాకా వేసిన షాట్లు 115. పడ్డవి 36. తప్పినవి 79.

మేనేజర్ల ఓట్లు 79 శాతం, తప్పిన షాట్లు 79. కాకతాళీయమే, కానీ చూడగానే నవ్వొచ్చింది.

115కి 36 అంటే దాదాపు 31 శాతం. మామూలు సమయంలో కోబీ వంద వేస్తే నలభై అయిదుకు అటూ ఇటూగా పడేవి. చివరి క్షణంలో రాజు అనుకున్నవాడు చివరి క్షణంలోనే బాగా తగ్గిపోయాడు.

ఆగండి, అప్పుడే తీర్పు ఇచ్చేయొద్దు. ఆ సమయంలో అందరూ తగ్గుతారు. అలాంటి షాట్లలో లీగ్ సగటు సుమారు 30 శాతమే. ఎందుకంటే ఎదుటి జట్టుకు ఏం రాబోతోందో ముందే తెలుసు. ఇద్దరు ముగ్గురు మీద పడతారు. మంచి చాన్స్ కోసం బంతి తిప్పే టైమూ ఉండదు. కాబట్టి కోబీ చెడ్డ షూటర్ అని ఈ లెక్క చెప్పడం లేదు. మిగతావాళ్లలాగే ఉన్నాడంటోంది. అభిమానికి తిట్టు కన్నా ఈ మాటే ఎక్కువ గుచ్చుకుంటుంది.

మరి మన కళ్లు ఎక్కడ మోసపోయాయి?

పడిన షాట్‌ని టీవీలో వందసార్లు చూపిస్తారు. తప్పిన షాట్‌కి రీప్లే ఉండదు. స్కోరు సమానంగా ఉన్నప్పుడు తప్పితే మ్యాచ్ ఓవర్‌టైమ్‌లోకి వెళ్తుంది, గెలిస్తే ఆ తప్పిన షాట్‌ని అందరూ మర్చిపోతారు. ఇంకోటి, 36 అంటే మామూలు సంఖ్య కాదు. అన్ని గెలుపు షాట్లు చూసినవాడికి 'వీడు ఎప్పుడూ వేస్తాడు' అనిపించడం సహజం. వేసినవి ఎక్కువ కాబట్టి పడ్డవీ ఎక్కువ. తప్పినవీ అంతే: రిటైరయ్యేనాటికి కోబీ మొత్తం తప్పించిన షాట్లు 14,481. అప్పటికి ఎన్‌బీఏ చరిత్రలో అదే రికార్డు.

లెక్కని కూడా గుడ్డిగా నమ్మక్కర్లేదు. 115 పెద్ద సంఖ్యేం కాదు. పదింటికి మూడు వేసే ఆటగాడు 115 వేస్తే ఒకసారి 30 పడొచ్చు, ఇంకోసారి 40 పడొచ్చు, నైపుణ్యం రవ్వంత మారకుండానే. ఫలానావాడు 35 శాతం, కోబీ 31 శాతం, కాబట్టి వాడే గొప్ప అని వాట్సాప్ గ్రూపుల్లో కొట్టుకునేవాళ్లు ఈ సంగతి చూడరు.

[దృశ్యం: 2010 ఫైనల్స్, ఏడో మ్యాచ్. లేకర్స్ 83, బోస్టన్ 79.]

షాట్ శాతం చెప్పలేనిది ఈ మ్యాచ్‌లో ఉంది. కోబీ 24 షాట్లు వేస్తే పడ్డవి ఆరే. ఘోరం. కానీ రిబౌండ్లు, అంటే గురి తప్పి వెనక్కొచ్చిన బంతులు, 15 పట్టాడు. ఒక నిమిషం మిగిలి ఉండగా బంతిని తను వేయకుండా తోటి ఆటగాడు రాన్ ఆర్టెస్ట్‌కి అందించాడు, ఆర్టెస్ట్ త్రీ పాయింటర్ వేశాడు. మ్యాచ్ తర్వాత ప్రెస్ మీట్‌లో ఆర్టెస్ట్‌కి షాట్ పడిందన్న సంతోషం ఎంతో, కోబీ తనకి పాస్ ఇచ్చాడన్న ఆశ్చర్యం అంత.

[దృశ్యం: 2016 ఏప్రిల్ 13. ప్రత్యర్థి యూటా జాజ్. కోబీ ఆఖరి మ్యాచ్.]

ఆ రాత్రి 60 పాయింట్లు చేశాడు. వేసిన షాట్లు 50, పడ్డవి 22. తప్పిన ఆ 28 గురించి ఎవరూ మాట్లాడరు. జట్టు ఒక పాయింటు వెనకబడి ఉన్నప్పుడు జంప్ షాట్‌తో 97-96 చేశాడు, స్టేడియం ఊగిపోయింది. అప్పుడు గడియారంలో మిగిలింది 31 సెకన్లకు కాస్త ఎక్కువ.

అంటే, 24 సెకన్ల నిబంధన ప్రకారం ఆ షాట్ ఆబట్ లెక్కలోకి రాదు.