షెల్టర్ జంతువులకు గడువు ఎంత, చట్టం ఎంతవరకు? కాలిఫోర్నియా తెలుగు శ్రోతలతో ఫోన్-ఇన్

వ్యాఖ్యాత: నమస్కారమండి. ప్రభుత్వ షెల్టర్లలో కుక్కలకు, పిల్లులకు ఇంజెక్షన్ ఇచ్చి చంపేయడాన్ని తగ్గించే చట్టాల గురించి ఈరోజు మాట్లాడుకుందాం. షెల్టర్ వైద్యంలో ఉన్న పశువైద్యురాలు మనతో ఉన్నారు. మొదటి కాల్ ఫ్రీమాంట్ నుంచి. చెప్పండమ్మా.

శ్రోత: నమస్తే డాక్టర్ గారూ. ‘ఈ కుక్కకు రేపే ఆఖరి రోజు’ అని ఫోన్‌లో ఫొటోలు వస్తూనే ఉంటాయి. ఇన్ని రోజులు ఉంచాలన్న నిబంధన ఏమీ లేదా?

డాక్టర్: ఉందమ్మా. రాష్ట్ర సెనేటర్ టామ్ హేడెన్ 1998లో తెచ్చిన చట్టం అది. ఇల్లు దొరకగల జంతువునూ, వైద్యంతో బాగుపడే జంతువునూ చంపకూడదన్నది రాష్ట్ర విధానమని అందులోనే రాశారు. దొరికిన కుక్కను 6 పని దినాలు ఉంచాలి, తెచ్చిన రోజు లెక్కలోకి రాదు. వారంలో ఒక సాయంత్రం 7 దాకానో, వారాంతంలో ఒక రోజో షెల్టర్ తెరిచి ఉంటే 4 రోజులు చాలు. కానీ ఈ 6 రోజుల్నే నమ్ముకుని కూర్చోకండి. రాష్ట్రం స్థానిక సంస్థల మీద కొత్త పని పెడితే ఖర్చు రాష్ట్రమే ఇవ్వాలి. 2009 తర్వాత బడ్జెట్‌లో ఆ డబ్బు ఆపేశారు, దాంతో పాత గడువుకు ఈ చట్టం చేర్చిన అదనపు రోజుల నిబంధన కూడా నిలిచిపోయింది. కొన్ని షెల్టర్లు ఇప్పటికీ పాటిస్తున్నాయి, కొన్ని పాటించడం లేదు. ఫోన్ చేసి ‘ఈ నంబరు కుక్కకు గడువు ఏ రోజు, ఎన్ని గంటలకు ముగుస్తుంది?’ అని అడిగి రాసుకోండి.

శ్రోత: గడువు అయిపోతే ఇక దారి లేదా?

డాక్టర్: ఉంది. లాభాపేక్ష లేని సంస్థగా పన్ను మినహాయింపు ఉన్న రెస్క్యూ సంస్థ చంపేలోపు అడిగితే, షెల్టర్ ఆ జంతువును దానికి అప్పగించాలి. కోలుకోలేని బాధలో ఉన్నవాటికి ఇది వర్తించదు. కరిచిన చరిత్ర ఉన్న కుక్కల సంగతి వేరు. మీరు, నేను విడిగా వెళ్లి అడిగితే ఆ హక్కు రాదు. ఫొటో పంచడం కన్నా ఒక రెస్క్యూ సంస్థను పట్టుకుని, ‘మీరు అడగండి, కుక్కను కొన్నాళ్లు మా ఇంట్లో ఉంచుకుంటాం’ అనండి. వాళ్ల ఈమెయిల్‌లో జంతువు ఐడీ నంబరు, కెన్నెల్ నంబరు, వచ్చి తీసుకెళ్లే సమయం ఉండాలి. ‘ఆ గోధుమరంగు కుక్క’ అని రాస్తే ఉదయం డ్యూటీలో ఉన్నవాళ్లకు ఏ కుక్కో తెలియదు.

వ్యాఖ్యాత: శాన్ రామోన్ నుంచి ఇంకొకరు.

శ్రోత: నేను హెచ్1బీ మీద ఉన్నానండి, ఓటు లేదు. ఇలాంటి బిల్లుకు మద్దతుగా నేను రాయొచ్చా?

డాక్టర్: నిక్షేపంగా రాయొచ్చు బాబూ. మీరు ఆ నియోజకవర్గంలో ఉంటున్నారు, అది చాలు. చిరునామా, పిన్‌కోడ్ తప్పకుండా ఇవ్వండి, లేకపోతే పక్కన పడేస్తారు. ఒక్క పేజీ రాయండి. మొదటి వాక్యంలోనే బిల్లు నంబరు, ‘మద్దతు’ అన్న మాట ఉండాలి. ఆ తర్వాత మీ కౌంటీ షెల్టర్ లెక్క ఒకటి చెప్పండి. బిల్లు వెళ్లిన కమిటీకి, విచారణకు కనీసం వారం ముందు చేరాలి. విచారణకు వెళ్తే పేరు, ఊరు, ‘మద్దతిస్తున్నాను’ అని చెప్పి పక్కకు రావాలి, ఉపన్యాసానికి చోటుండదు.

అయితే ఎక్కువ బిల్లులు ఆగిపోయేది ఖర్చులు చూసే అప్రోప్రియేషన్స్ కమిటీలో. 1,50,000 డాలర్లు దాటే బిల్లులన్నీ సస్పెన్స్ ఫైల్‌లో, అంటే తర్వాత తేల్చడానికి పక్కన పెట్టే జాబితాలో పడతాయి. వాటిని ఒక్క రోజే, సాక్ష్యాలేవీ వినకుండా తేల్చేస్తారు. చంపే ముందు 72 గంటల నోటీసు పెట్టాలన్న 2023 నాటి ఏబీ (అసెంబ్లీ బిల్లు) 595 అక్కడే ఆగింది. అందుకే ‘దయ చూపండి’ అనే ఉత్తరం ఒక్కటే సరిపోదు. డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో కూడా అడగండి.

వ్యాఖ్యాత: ఫ్రెస్నో నుంచి అడుగుతున్నారు, రోజులు పెంచితే షెల్టర్ ఇంకా నిండిపోదా అని.

డాక్టర్: నిండుతుంది. ఇది నిజమైన ఇబ్బంది, దాచకూడదు. రోజుకు 10 జంతువులు వచ్చి, ఒక్కొక్కటి సగటున 8 రోజులు ఉంటే 80 గూళ్లు కావాలి. ఆ 8 కాస్తా 14 అయితే 140 కావాలి. 80 గూళ్లలో 140 జంతువుల్ని కుక్కితే కుక్కల్లో దగ్గు, పిల్లుల్లో జలుబు ఒకదాని నుంచి ఇంకొకదానికి పాకుతాయి. ఆరోగ్యంగా వచ్చింది జబ్బు పడి, ఆ జబ్బు సాకుతోనే చస్తుంది. కాబట్టి గడువు పెంచే బిల్లులో తాత్కాలిక ఇళ్లకు, పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్లకు, సాయంత్రం తెరిచి ఉంచే సిబ్బందికి డబ్బు ఉందా అని చూడండి. 2021లో యూసీ డేవిస్ విశ్వవిద్యాలయం ద్వారా షెల్టర్లకు రాష్ట్రం 4.5 కోట్ల డాలర్లు ఇచ్చింది. అలాంటి సాయం తోడైతేనే చట్టం పనిచేస్తుంది.

ఇంకో మాట. ‘90 శాతం బతికి బయటపడ్డాయి’ అంటే, యజమాని కోరితే చంపినవి ఆ లెక్కలో ఉన్నాయా, తీసేశారా అని అడగండి. తీసేస్తే శాతం పెరిగినట్టు కనిపిస్తుంది.

వ్యాఖ్యాత: చివరి కాల్, శాన్ హోసే.

శ్రోత: హైదరాబాద్‌లో వీధికుక్కలకు ఆపరేషన్ చేసి మళ్లీ అక్కడే వదులుతారు కదండీ, ఇక్కడ అలా చేయరేం?

డాక్టర్: కుక్కలకు ఇక్కడ ఆ పద్ధతి లేదమ్మా, వీధిలో కనిపిస్తే పట్టి ఉంచుతారు. పిల్లులకు మాత్రం చాలా కౌంటీల్లో ఉంది. ఆపరేషన్, టీకా అయ్యాక చెవి కొన కొంచెం కత్తిరించి, దొరికిన చోటే వదులుతారు. అన్నిటికన్నా ప్రమాదంలో ఉండేవి పాలు మానని కూనలు. తల్లి లేకుండా తెచ్చినవాటిని వెంటనే చంపడానికి చట్టమే వీలిస్తోంది. పెరట్లో కూనలు కనిపిస్తే వెంటనే పెట్టెలో పెట్టి షెల్టర్‌కు తీసుకెళ్లకండి. వెచ్చగా, బొద్దుగా ఉన్నాయంటే తల్లి ఎక్కడో దగ్గర్లోనే ఉంది. దూరంగా నిలబడి కొన్ని గంటలు చూడండి. తల్లి రాకపోతే, కూనలు చల్లబడితే ముందు ఒంటికి వెచ్చదనం ఇవ్వండి, ఆ తర్వాతే పాలు. అవి కూడా పిల్లికూనల కోసం అమ్మే పాలపొడి కలిపినవే, ఆవుపాలు వద్దు. పాలు పట్టి పెంచే ఇల్లు కోసం రెస్క్యూ సంస్థకు అప్పుడే ఫోన్ చేయండి.